గుర్రానికి లాడాలు ఊడదీస్తే...

2021 ఆగస్టు 7 సాయంత్రం మీరేం చేస్తున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. టోక్యోలో నీరజ్ చోప్రా ఈటె విసిరిన రోజు. మా ఇంట్లో అందరం టీవీకి అతుక్కుపోయి ఉన్నాం. అదే రోజు, అదే ఊళ్ళో జరిగిన ఇంకో ఫైనల్ని మనవాళ్ళెవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన పనీ లేదనుకోండి. గుర్రాల మీద అడ్డంకులు దూకే టీము పోటీ అది. స్వీడనూ అమెరికా సమానంగా నిలవడంతో మళ్ళీ దూకించాల్సొచ్చింది. ఆఖర్న వచ్చిన స్వీడన్ రౌతు పెదర్ ఫ్రెడ్రిక్‌సన్, ‘ఆల్ ఇన్’ అనే గుర్రం మీద ఒక్క కర్ర కూడా పడకుండా దూకేసి, సెకను పైచిలుకు తేడాతో బంగారం పట్టుకుపోయాడు.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆశ్చర్యం కలిగించింది పతకం కాదు. ఆ గుర్రం కాళ్ళకి లాడాలు లేవు! అదే టీములో హెన్రిక్ వాన్ ఎకర్‌మన్ ఎక్కిన ‘కింగ్ ఎడ్వర్డ్’కీ లేవు. ఒలింపిక్స్‌లో, మనిషెత్తు అడ్డంకుల మీంచి దూకే గుర్రాలు, ఉత్త కాళ్ళతో.

నాకు తెలిసిన గుర్రపు లాడమల్లా మా వీధిలో ఒకాయన గుమ్మానికి కొట్టుకున్నదే. అదృష్టం కోసమట. గుర్రానికి కొడుతుంటే ఎప్పుడూ చూళ్ళేదు గానీ, చిన్నప్పుడు ఊళ్ళో బండెద్దులకి కొట్టడం చూశాను. ఎద్దుని తాళ్ళు బిగించి పక్కకి పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, చీలిన గిట్టకి రెండేసి ఇనప ముక్కలు పెట్టి మేకులు దిగ్గొట్టేవాళ్ళు. "నొప్పెట్టదా తాతా?" అంటే, "అది గోరేరా, గోరుకి నొప్పేంటి" అన్నాడు మా తాతయ్య. ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం గురించే ఈ టపా.

(గుర్రపు డెక్క అని వెతికితే చెరువుల్లో పెరిగే మొక్క గురించే వస్తుంది. అందుకని ఇక్కడ గిట్ట అనే రాస్తున్నాను.)

గిట్ట చుట్టూ ఉండే గోడ నిజంగానే గోరులాంటిది. దానికి నొప్పి తెలియదు. లాడం మేకు ఆ గోడలోకే దిగి, కాస్త పైన బయటికి రావాలి. వెంట్రుకవాసి లోపలికి పోయిందా, గుర్రం కుంటుతుంది. ఎందుకంటే గోడ లోపలుండేదంతా ప్రాణమున్న శరీరమే. గిట్ట అడుగున వెనకవైపు, త్రికోణాకారంలో కాస్త మెత్తని భాగం ఒకటుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫ్రాగ్ అంటారు, కప్పకీ దానికీ ఏం చుట్టరికమో మరి. దాని పైన ఒక మెత్త, అటూ ఇటూ మృదులాస్థి, వాటినిండా రక్తనాళాలు. గుర్రం అడుగు వేసినప్పుడు మడమవైపు గిట్ట కొంచెం విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు మళ్ళీ దగ్గరవుతుంది. అడుగు దెబ్బని కాచుకోవడానికి దేవుడో పరిణామమో ఇచ్చిన షాక్ అబ్జార్బర్ అది. లాడం మాత్రం విచ్చుకోని ఇనుము. పైగా గిట్ట గోడ నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరేడు వారాలకోసారి లాడం ఊడదీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టాలి. గుర్రం బతికున్నంత కాలం మెయింటెనెన్సే :)

మరి ఇది మొదలెట్టిందెవరు? క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దపు ఏథెన్సు వాడు జెనొఫోన్ గుర్రాల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో లాడం ఊసే లేదు. గిట్టలు గట్టిగా ఉండాలంటే ఏం చేయాలో మాత్రం ఉంది. శాల ముందు జాగాలో నాలుగైదు బండ్ల గుండ్రటి రాళ్ళు పోయించాలి, ఒక్కోటి గుప్పిట్లో పట్టేంత ఉండాలి, గుర్రాన్ని రోజూ వాటి మీద నిలబెట్టి మాలీషు చేయాలి, శాల నేల తడిగా నున్నగా ఉంటే మంచి గిట్టలు కూడా పాడైపోతాయి అంటాడు. ఈ రాళ్ళని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. అదే జెనొఫోన్ ఆర్మేనియా మంచులో సైన్యంతో ఇరుక్కున్నప్పుడు, గుర్రాలు పొట్టదాకా కూరుకుపోకుండా కాళ్ళకి చిన్న సంచులు కట్టమని అక్కడి ఊరిపెద్ద చెప్పాడట. అంటే కావలసినప్పుడు కట్టుకుని, అక్కర్లేనప్పుడు విప్పేసే తొడుగు అన్నమాట.

అలాగని అప్పట్లో అంతా బాగుందనుకోకండి. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సైన్యం పంజాబులో బియాస్ నది దగ్గర మొండికేసి వెనక్కి తిరిగింది కదా. ఆ సమయానికి ఎడతెగని నడకతో గుర్రాల గిట్టలు అరిగిపోయి ఉన్నాయని డయొడోరస్ రాశాడు. చరిత్ర పుస్తకాల్లో సైనికుల అలసట గురించి చదివాం గానీ గిట్టల గురించి మనకెవరూ చెప్పలేదు. పెరిగేదానికంటే అరిగేది ఎక్కువైతే ఉత్త కాళ్ళతో కుదరదు. లెక్క అంతే.

రోమన్లు తోలుపట్టీలతో కట్టే ఇనప చెప్పులు చేశారు. నీరో కంచరగాడిదలకి వెండివి వేయించాడనీ, ఆయన భార్య పొప్పేయా బంగారంవి వేయించిందనీ పాత రచయితల మాట (మన పెళ్ళి ఊరేగింపుల్లో ఇంకా ఈ స్థాయి రాలేదు). కానీ అవన్నీ తొడిగి తీసేవే. క్రీ.శ. 301లో డయొక్లీషియన్ చక్రవర్తి దేశమంతటికీ ధరలు నిర్ణయిస్తూ ఇచ్చిన శాసనంలో పశువైద్యుడికి ఒక్కో జంతువుకి వెంట్రుకలు కత్తిరించి గిట్టలు సరిచేసినందుకు 6 దీనారియస్‌లు అని ఉంది. మేకు కొట్టినందుకు రేటు లేదు!

మేకుల లాడం సంగతి స్పష్టంగా రాతలోకి ఎక్కింది క్రీ.శ. 900 ప్రాంతంలో. బైజాంటియం చక్రవర్తి ఆరో లియో రాసిన యుద్ధతంత్ర గ్రంథంలో, గుర్రాలకి కావలసిన సామాను జాబితాలో నెలవంక ఆకారపు ఇనుములూ వాటి మేకులూ కనిపిస్తాయి. ఆ తర్వాత రెండొందల ఏళ్ళలో యూరప్ అంతా పాకిపోయింది. 1086 నాటి ఇంగ్లండు లెక్కల పుస్తకం డూమ్స్‌డే బుక్‌లో, హియర్‌ఫర్డ్ ఊళ్ళో ఆరుగురు కమ్మర్లు ఒక్కొక్కరూ రాజుగారి ఇనుముతో ఏడాదికి 120 లాడాలు చేసివ్వాలని ఉంది. రెండు శతాబ్దాల్లో ఒక వస్తువు యుద్ధసామగ్రి నుంచి పన్నుల లెక్కలోకి వచ్చేసింది.

ఎందుకింత తొందరగా? నాకు తోచిన కారణం నేల. జెనొఫోన్ గ్రీసు రాళ్ళ నేల, పొడి నేల. ఉత్తర యూరప్ బురద, వాన. తడిలో నానిన గిట్ట మెత్తబడుతుంది, మెత్తబడ్డది గట్టి బాట మీద తొందరగా అరుగుతుంది. దానికితోడు గుర్రాల్ని కోటల్లో, ఊళ్ళల్లో, వాటి పేడలో మూత్రంలోనే రోజుల తరబడి నిలబెట్టడం, ఉన్నట్టుండి కవచం వేసుకున్న మనిషిని ఎక్కించి పరిగెత్తించడం. అలాంటి గిట్టకి ఇనుము నిజంగానే వరం. లాడం అబద్ధపు వస్తువు కాదు, అది ఒక జీవనవిధానానికి సరిపోయిన మందు. తర్వాత మందు మిగిలింది, జబ్బేమిటో అందరూ మర్చిపోయారు.

అందరూ ఈ దారి పట్టలేదు కూడా. మంగోలుల గుర్రాలు చాలామటుకు ఉత్త కాళ్ళతోనే సగం ప్రపంచాన్ని తొక్కేశాయి. జపానులో పందొమ్మిదో శతాబ్దం దాకా గుర్రాలకి గడ్డితో అల్లిన చెప్పులు కట్టేవారు. హిరొషిగె 1857లో వేసిన ఎదో నగరపు బొమ్మల్లో ఒకదానిలో ఆ గడ్డి చెప్పులు తొడుక్కున్న గుర్రపు కాళ్ళు, పక్కన పేడతో సహా, భలే ఉంటాయి.

మన వైపు కథ వేరు. లాడానికి ఉర్దూలో నాల్, కొట్టేవాడు నాల్బంద్. అరబ్బీలో నాల్ అంటే చెప్పు అనే అర్థం. ఆ మాటతోనే నాల్‌బహా అని ఇంకోటుంది. దండెత్తి వచ్చిన సైన్యం "మా గుర్రాల లాడాలు అరిగాయి, ఖర్చివ్వండి, మీ ఊరి జోలికి రాం" అని వసూలు చేసే సొమ్ము! దక్షిణాదిలో అసలు సమస్య లాడం కాదు, గుర్రం బతకడమే. పదమూడో శతాబ్దం చివర పాండ్య దేశాన్ని గురించి రాసిన మార్కో పోలో, అక్కడ గుర్రాలకి ఉడికించిన అన్నం, మాంసం పెడతారనీ, వాటిని చూసుకోవడం తెలిసిన వైద్యులు లేరనీ, గుర్రాలమ్మే వర్తకులు అలాంటివాళ్ళని కావాలనే రానివ్వరనీ అంటాడు. చస్తేనే కదా మళ్ళీ కొనేది. విజయనగరంలో సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిపోయిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడని నూనిజ్ రాశాడు. సర్వీసు లేకుండా లైసెన్సులు అమ్ముకోవడం ఈనాటిది కాదు :)

సరే, మళ్ళీ ఇంగ్లండు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి బ్రేసీ క్లార్క్ (1771-1860). 1791లో మొదలైన లండను వెటర్నరీ కాలేజీ తొలి తరం విద్యార్థుల్లో ఒకడు. గుర్రాలు యౌవనంలోనే కుంటివైపోతుంటే అందరూ లాడం సరిగ్గా కొట్టకపోవడం వల్ల అనుకునేవారు. ఈయనా మొదట్లో అలాగే అనుకున్నాడు. తర్వాత ఒక పని చేశాడు. చక్కటి గిట్టలున్న ఒక గుర్రాన్ని తీసుకుని, లాడాలు కొట్టకముందు గిట్ట అచ్చు తీసుకున్నాడు. లాడాలు కొట్టించి మామూలుగా వాడుతూ, ఏళ్ళ తరబడి అదే గిట్టకి అచ్చులు తీస్తూ పోయాడు. వాటిని వరసగా పెడితే ఇంచుమించు గుండ్రంగా ఉన్న గిట్ట మడమవైపు ఏటికేడు ముడుచుకుపోవడం కళ్ళకి కట్టినట్టు కనపడింది. గొప్ప కమ్మరి కొట్టినా అంతే. తప్పు పనితనంలో లేదు, వస్తువులోనే ఉంది. 1809లో బొమ్మలతో సహా అచ్చేశాడు.

ఇవాళ్టి లెక్కలో అది ప్రయోగం అనిపించుకోదేమో. ఒకటే గుర్రం, పోల్చడానికి లాడం లేని ఇంకో గుర్రం లేదు. అయినా అభిప్రాయాలతో కొట్టుకుంటున్న రోజుల్లో లాగులు తీసి చూపించిన మనిషి. అంత స్పష్టంగా చూసినవాడు తర్వాత ఏం చేశాడనుకున్నారు? లాడాలు తీసేయండి అనలేదు. ముందువైపు కీలు పెట్టి, గిట్టతో పాటు విచ్చుకునే లాడం తయారుచేశాడు! అది నిలబడలేదు. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు గానీ జాలేసింది. లండను రాతి బాటల మీద రోజంతా బండి లాగే గుర్రానికి లాడం తీసేయమని యజమానికి చెప్పగలడా? ఆ గుర్రం రేపు పొద్దున్నే మళ్ళీ పనికి పోవాలి. ఆగడానికి టైమెక్కడిది?

ఆ తర్వాతా అడపాదడపా గొంతులు లేచాయి. ఫ్రాన్సులో షార్లియే అనే పశువైద్యుడు 1860ల్లో, ఫ్రాగ్ నేలకి ఆనేలా గోడ అంచులోకి దిగే సన్నటి లాడం చేశాడు. ఇంగ్లండులో 1880లో ‘ఫ్రీ-లాన్స్’ అన్న మారుపేరుతో ఒకాయన, గుర్రాల్ని రోడ్ల మీద ఉత్త కాళ్ళతోనే నడిపించొచ్చని పుస్తకమే రాశాడు. కానీ అప్పటికే అమెరికాలో హెన్రీ బర్డెన్ యంత్రాలు లాడాల్ని బిస్కెట్లలా కోసిపడేస్తున్నాయి. ఆయన 1835లో మొదటి పేటెంటు తీసుకున్నాడు. 1857 నాటి యంత్రం నిమిషానికి 60 లాడాలు చేసేది. అంత చవకైపోయాక ఎవడాలోచిస్తాడు?

అసలు విచిత్రం ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. కార్లొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి, గుర్రం బండి లాగడం మానేసింది. పశ్చిమ దేశాల్లో ఎక్కువ గుర్రాలు వారానికి నాలుగైదు గంటలు మెత్తటి ఇసకలో నడిచే గుర్రాలైపోయాయి. అయినా ఆరేడు వారాలకోసారి లాడం మాత్రం ఆగలేదు. కారణం పోయింది, క్రాన్ జాబ్ నడుస్తూనే ఉంది.

దీన్ని ఆపి చూసినవాళ్ళలో ముఖ్యుడు జేమీ జాక్సన్. స్వయానా లాడాలు కొట్టేవాడే. 1980ల్లో అమెరికాలోని గ్రేట్ బేసిన్ ఎడారిలో అడవి గుర్రాల వెంట తిరిగి, ఎవరూ చెక్కని వాటి గిట్టలు ఎలా అరుగుతాయో చూసి, 1992లో ‘ది నేచురల్ హార్స్’ రాశాడు. పొట్టి గోడ, గుండ్రంగా అరిగిన అంచు, వెడల్పు మడమ. అదే మూసలో ఇంటి గుర్రాల గిట్టల్ని చెక్కడం మొదలెట్టాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో హిల్‌ట్రూడ్ స్ట్రాసర్ అనే పశువైద్యురాలు ఇంకా కఠినమైన పద్ధతి ఒకటి తెచ్చింది.

ఇక్కడే నాకు సొంత అనుభవం ఒకటి గుర్తొస్తుంది. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత కోడ్‌లో అర్థం లేకుండా ఐదు సెకన్లు ఆగే లైను ఒకటి కనపడింది. ఎవర్నడిగినా ఎందుకుందో తెలీదన్నారు. పీకేశాను. ఆ రాత్రి రెండింటికి ఫోనొచ్చింది. ఆ ఐదు సెకన్ల ఆలస్యాన్ని నమ్ముకుని మూడు వేరే ప్రోగ్రాములు బతుకుతున్నాయట. ఆ లైను మొదట్లో అక్కర్లేకపోవచ్చు. కానీ ఏళ్ళు గడిచేసరికి చుట్టూ ఉన్నవన్నీ దానికి తగ్గట్టు బలహీనపడ్డాయి. మా మేనేజరు దానికి తీసుకున్న నీతి ఏంటంటే, ఆ లైను ఎప్పటికీ ముట్టుకోకూడదు అని. అది కూడా తప్పే.

పదేళ్ళుగా లాడాలున్న గుర్రం కూడా అలాంటిదే. అడుగుభాగం పల్చబడి ఉంటుంది, ఫ్రాగ్ ఎండి కుంచించుకుపోయి ఉంటుంది, లోపలి మెత్తకి బరువు మోసే అలవాటే ఉండదు. లాడం ఊడదీసిన మర్నాడు గులకరాళ్ళ మీద నడిపిస్తే నిప్పుల మీద నడిచినట్టు నడుస్తుంది. పాత మేకుల కన్నాల దగ్గర గోడ పెచ్చులు ఊడుతుంది. కొన్నిటికి లోపల చీముగడ్డలు కడతాయి. అది చూసి యజమాని "చెప్పానా, మా గుర్రానికి లాడం ఉండాల్సిందే" అని మళ్ళీ కొట్టించేస్తాడు. కన్నాలున్న గోడ కిందికి పెరిగి అరిగిపోయి, పైనుంచి కొత్త గోడ పూర్తిగా నేలదాకా దిగడానికి ముందువైపు తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. అన్నాళ్ళూ రాళ్ళ మీదికి వెళ్ళినప్పుడల్లా బూట్లు తొడగాలి (రబ్బరు, ప్లాస్టిక్ బూట్లు 1970ల నుంచే ఉన్నాయి. ఆర్మేనియా సంచులకి మనవలు). నాలుగైదు వారాలకోసారి కొంచెం కొంచెం చెక్కాలి. రోజూ మైళ్ళకి మైళ్ళు నడిపించాలి. అన్నిటికంటే ముఖ్యం తిండి. పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే గోడనీ లోపలి ఎముకనీ పట్టి ఉంచే పొరలు వాచి వదులవుతాయి. ధాన్యం మేపుతూ లాడం తీస్తే ఎంత చెక్కినా లాభం లేదు. మార్కో పోలో చూసిన అన్నం గుర్రాల మీద నాకున్న అనుమానం కూడా ఇదే.

అంటే మారాల్సింది గిట్ట కాదు, గుర్రం మొత్తం దినచర్య. క్లార్క్ యజమానులు ఇవ్వలేని ఏడాది గడువు ఇప్పటివాళ్ళు ఇవ్వగలరు, ఎందుకంటే ఈ గుర్రం మీద ఎవరి అన్నమూ ఆధారపడి లేదు. ఈ ఉద్యమం ఇప్పుడు పుట్టడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

అయితే చదువుతూ చదువుతూ ఒకచోట ఈ ఉత్తకాళ్ళ మనుషుల మీదా చిరాకు పుట్టింది. స్ట్రాసర్ పద్ధతిలో గిట్టల్ని మరీ లోతుగా కోస్తారని పశువైద్యులు చాలామంది విమర్శించారు. అనుచరుల్లో కొందరు గుర్రం నెలల తరబడి విలవిల్లాడుతున్నా "అది మానుతున్న నొప్పి, రక్తం తిరిగి వస్తోంది" అనేవారు. గోరుకి నొప్పేంటి అన్న మా తాతయ్యకీ వీళ్ళకీ తేడా ఏముంది? గుర్రం బగ్ రిపోర్టు రాయదు. అలాగని ఏమీ చెప్పదనీ కాదు. అడుగు కురచ చేస్తుంది, బాట వదిలి పక్కన గడ్డిలోకి లాగుతుంది, మడమ ముందు ఆనించాల్సింది వేలికొన ముందు ఆనిస్తుంది. వాటిని చూసి బూటు తొడిగేవాడు, అవసరమైతే మళ్ళీ లాడం కొట్టించేవాడు నాకు నచ్చాడు. సిద్ధాంతం కోసం చూడనట్టు ఉండేవాడు నచ్చలేదు.

ఇంకో సంగతి. అడవి గుర్రం గిట్టే ఆదర్శం అన్న మాటకి 2010 తర్వాత కాస్త దెబ్బ తగిలింది. ఆస్ట్రేలియా పరిశోధకులు అక్కడి బ్రంబీలనీ, నూజిలాండులోని కైమనావా గుర్రాలనీ చూస్తే, ఎవరూ లాడం కొట్టని ఆ గిట్టల్లోనూ లోపాలు బోలెడు దొరికాయి. ఎడారి గుర్రం గిట్ట ఎడారికి సరిపోయింది, మెత్తటి నేల గుర్రం గిట్ట దాని పాట్లు అది పడుతోంది. మళ్ళీ నేల దగ్గరికే వచ్చాం.

ఊరి మధ్య కాంక్రీటు సంగతేమిటంటారా? అమెరికాలో హ్యూస్టన్ పోలీసుల గుర్రాల దళం తన గుర్రాలన్నిటికీ లాడాలు తీయించేసి అదే సిటీ రోడ్ల మీద గస్తీ తిప్పింది. ఇంటి దగ్గర సొంత గుర్రాల్ని ఉత్త కాళ్ళకి మార్చేవాళ్ళలో చాలామంది ఇప్పుడు చేసే మొదటి పని, గుర్రం నిలబడే చోట ఓ లారీ గులకరాళ్ళు దింపించడం. జెనొఫోన్ నాలుగైదు బండ్లన్నాడు, వీళ్ళు లారీ అంటున్నారు, అంతే తేడా.

ఇక ఆ స్వీడను. అక్కడ బండి కట్టి పరిగెత్తించే గుర్రప్పందాలు చాలా పెద్ద వ్యవహారం. లాడాలు తీసేస్తే కాలు తేలికై వేగం పెరుగుతుందని పందెం రోజున తీసేసి పరిగెత్తించడం అక్కడ మామూలే. జేబులో డబ్బు కోసం తీసేదీ ఉంది, గుర్రం కాలు కోసం తీసేదీ ఉంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే కాబోలు, ఉత్త కాళ్ళ గుర్రంతో ఒలింపిక్ బంగారం కొట్టిన ఆ దేశంలోనే, గడ్డకట్టిన నేల మీద గిట్టలు దెబ్బతింటాయని, చలికాలపు నెలల్లో ఆ పందాలకి లాడాలు లేకుండా రావడం నిషేధం.